జాగ్వార్ గొప్పతనం దాని ధరలోనే ఉండేది

2024 నవంబరులో జాగ్వార్ ముప్పై సెకన్ల ప్రకటన ఒకటి వదిలింది. కొట్టొచ్చే రంగుల బట్టల్లో మోడళ్లు, గులాబీ రంగు నేల, దేన్నీ కాపీ కొట్టొద్దనే నినాదం. కారు మాత్రం ఎక్కడా లేదు. "మీరు కార్లు అమ్ముతారా?" అని ఈలాన్ మస్క్ అడిగాడు. పాత లోగో పోయిందని కొందరు బాధపడ్డారు, కాలంతో పాటు మారొద్దా అని కొందరు వెనకేసుకొచ్చారు. మరుసటి నెల మయామీలో టైప్ 00 అనే నమూనా కారును చూపించాక గొడవ ఇంకో విడత నడిచింది.

ఆ వాదనంతా రంగుల చుట్టూ, అక్షరాల చుట్టూ తిరిగింది. నన్ను కలవరపెట్టింది వేరే సంగతి. ఇక మీదట వచ్చే జాగ్వార్లు లక్ష పౌండ్ల పైమాటేనని, తక్కువ కార్లు చేసి ఎక్కువ ధరకు అమ్ముతామని కంపెనీ చెప్పింది. ఈ కంపెనీ పేరు ఇంతకు ముందూ మారింది, బొమ్మలూ అక్షరాలూ మారాయి. వాటి వల్ల దానికేమీ కాలేదు. కానీ చూడగానే మనం అనుకునే ధరకీ, అసలు ధరకీ మధ్య ఉండే పెద్ద తేడా మీదే జాగ్వార్ నిలబడింది. ఆ తేడాను ఇప్పుడు కావాలని వదిలేస్తున్నారు. నా బాధ అక్కడుంది.

జాగ్వార్‌ని రోల్స్ రాయిస్, బెంట్లీల పక్కన పెట్టి లగ్జరీ బ్రాండ్ అనేయడం అందరికీ అలవాటైంది. తోలు సీట్లు, చెక్క డాష్‌బోర్డు, బ్రిటిష్ ప్రధానుల కాన్వాయ్‌లో నల్లటి ఎక్స్‌జే అనే పెద్ద జాగ్వార్, ఇవన్నీ చూస్తే అలా అనిపించడం సహజం. చరిత్ర చదివితే మాత్రం ఆ వరసలో జాగ్వార్ సరిగ్గా ఇమడదు. రోల్స్ రాయిస్ కొనడమంటే ఆ ధర పెట్టగలనని చూపించుకోవడం కూడా. జాగ్వార్ కొనేవాడి సంతోషం అలాంటిది కాదు. ఇంత కారు ఇంతకే వచ్చిందా అన్నదే అతని సంతోషం.

ఆ సంతోషాన్ని పుట్టించిన మనిషి విలియం లయన్స్. 1901లో ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్‌లో పుట్టాడు. 1922లో విలియం వాల్మ్స్‌లీ అనే స్నేహితుడితో కలిసి మోటార్‌సైకిళ్లకు సైడ్‌కార్లు చేసే స్వాలో కంపెనీ పెట్టాడు. 1927లో వాళ్ల చూపు ఆస్టిన్ సెవెన్ మీద పడింది. అది బ్రిటన్‌లో సామాన్యుల కారు. దాని చాసిస్, అంటే కింది చట్రం తీసుకుని, పైన గుండ్రటి వంపులతో రెండు రంగుల బాడీ కట్టి అమ్మడం మొదలుపెట్టారు. కింద ఉన్నది అదే చిన్న కారు, పైన చూస్తే డబ్బున్న ఇంటి కారు. ఆర్డర్లు పెరిగి బ్లాక్‌పూల్ చాలకపోవడంతో 1928లో కార్ల పరిశ్రమంతా ఉన్న కోవెంట్రీకి మకాం మార్చారు.

1931లో వచ్చిన ఎస్ఎస్ 1 ఈ పద్ధతిని ఇంకో మెట్టు ఎక్కించింది. స్టాండర్డ్ మోటార్ కంపెనీ నుంచి చాసిస్, ఇంజిన్ తెచ్చుకుని, దాని మీద చాలా పొడవైన బానెట్, బాగా దిగిన కప్పు పెట్టారు. ధర 310 పౌండ్లు. వెయ్యి పౌండ్ల కారులా ఉందని అప్పటి పత్రికలు రాశాయి. అయితే విమర్శ కూడా వెంటనే వచ్చింది. చూపుకి ఉన్నంత వేగం పరుగులో లేదన్నారు. ఆ మాట నిజమే, లయన్స్‌కీ అది తెలుసు. అందుకే 1935లో విలియం హేన్స్ అనే యువ ఇంజనీర్‌ని చీఫ్ ఇంజనీర్‌గా తీసుకున్నాడు. హ్యారీ వెస్లేక్ అనే ఇంజిన్ నిపుణుడి చేత ఇంజిన్ పైభాగాన్ని మళ్లీ డిజైన్ చేయించి శక్తి పెంచాడు. ఆ ఏడాదే లండన్ మేఫెయిర్ హోటల్లో కొత్త సెలూన్‌ని, అంటే కుటుంబమంతా కూర్చునే మూత కారుని బయటపెట్టారు. జాగ్వార్ అనే పేరు మొదటిసారి వినిపించింది ఆ కారుతోనే. వచ్చినవాళ్లని ధర ఎంతుంటుందో రాయమన్నారు. వాళ్ల అంచనాల సగటు 600 పౌండ్లు దాటింది. అసలు ధర 400 పౌండ్ల లోపే.

ఆ రోజు హాలులో ఉన్నవాళ్లు మామూలు జనం కాదు, కార్ల వ్యాపారంలోనూ పత్రికల్లోనూ పండినవాళ్లు. వాళ్లే అంత తేడాగా లెక్కేశారంటే మోసం లేకుండా ఇంతటి మాయ ఎలా చేయగలిగారన్న ప్రశ్న వస్తుంది. దీనికి సమాధానం లయన్స్ పని చేసే తీరులో ఉంది.

అతనికి బొమ్మ గీయడం రాదు. ఫ్రెడ్ గార్డ్‌నర్ అనే నిపుణుడి బృందాన్ని పక్కన పెట్టుకుని, కారుని అసలు సైజులో చెక్కతో, రేకుతో కట్టించేవాడు. ఈ గీత కాస్త కిందికి, ఆ అంచు కాస్త లోపలికి అని చెబుతూ మార్పించేవాడు. ఆ నమూనాని వాపెన్‌బరీలో ఉన్న తన ఇంటికి తెప్పించుకుని, బయట ఎండలో నిలబెట్టి, దగ్గర్నుంచీ దూరం నుంచీ చూసేవాడు. షోరూమ్ దీపాల కింద ఏ కారైనా బాగుంటుంది, ఇంటి ముందు ఆగినప్పుడు ఎలా ఉంటుందన్నదే అతనికి కావాల్సింది. అందానికి అదనంగా ఖర్చు పెట్టక్కర్లేదని లయన్స్ కనిపెట్టాడని నా నమ్మకం. ఒక రేకుని వంకరగా వంచినా, చక్కగా వంచినా రేకు ధర ఒకటే. చక్కగా వంచడానికి కావాల్సింది కన్ను. అది కంపెనీ యజమానికే ఉంది, దానికి వేరే జీతం ఇవ్వక్కర్లేదు.

తర్వాత యుద్ధం వచ్చింది. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ బాంబుల కింద కోవెంట్రీ తగలబడింది. ఫ్యాక్టరీ మీద నిప్పు పడితే ఆర్పడానికి రాత్రిళ్లు కాపలా కాయాల్సి వచ్చేది. లయన్స్, హేన్స్, ఇంజనీర్లు వాల్టర్ హసన్, క్లాడ్ బెయిలీ తమ కాపలా వంతులు కలిసేలా చూసుకుని, ఆ రాత్రుల్లో కూర్చుని యుద్ధం తర్వాత చేయబోయే ఇంజిన్ గురించి చర్చించుకున్నారు. జాగ్వార్ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. అది ఎంత పెద్ద ధైర్యమో ఇప్పుడు ఊహించడం కూడా కష్టం. ఊరు శిథిలమై ఉంది, యుద్ధం ఎవరు గెలుస్తారో తెలీదు, పెట్రోలు రేషన్‌లో ఉంది. అలాంటప్పుడు పైన రెండు క్యామ్‌షాఫ్టులతో (కవాటాలను తెరిచే కడ్డీలతో) నడిచే ఆరు సిలిండర్ల ఇంజిన్ కావాలని వాళ్లు నిర్ణయించుకున్నారు. అప్పటికి ఆ తరహా ఇంజిన్ అంటే రేసు కార్లకో, అతి ఖరీదైన కార్లకో పరిమితం. వీళ్లు దాన్ని వేల సంఖ్యలో చేయాలనుకున్నారు.

యుద్ధం ముగిసేసరికి కంపెనీ పేరులో ఉన్న ఎస్ఎస్ అన్న అక్షరాలు హిట్లర్ ఎస్ఎస్ దళాన్ని గుర్తుచేసేవిగా మారాయి. 1945లో కంపెనీ పేరు జాగ్వార్ కార్స్ అయింది. అసలైన పేరు మార్పు అంటే ఇదీ. ఒక్క కారు కూడా దీనివల్ల అమ్ముడుపోకుండా ఆగలేదు.

ఆ ఇంజిన్ పేరు ఎక్స్‌కే. 1948 లండన్ మోటార్ షో నాటికి ఇంజిన్ సిద్ధంగా ఉంది, దాన్ని పెట్టాల్సిన పెద్ద సెలూన్ సిద్ధంగా లేదు. ఇంజిన్‌ని చూపించడానికని తక్కువ వ్యవధిలో ఒక రెండు సీట్ల కారు తయారు చేశారు. అదే ఎక్స్‌కే 120. కొన్ని వందలు అమ్మితే చాలనుకుని మొదటి బాడీలను చేత్తో అల్యూమినియంతో కట్టారు. షో తలుపులు తెరిచాక ఆ లెక్క తప్పింది. కావాలన్నవాళ్లు అంతమంది వచ్చారు, చివరికి బాడీలను స్టీలులో అచ్చు కొట్టాల్సి వచ్చింది. మొత్తం 12 వేలకు పైగా తయారయ్యాయి, అందులో ఎక్కువ భాగం అమెరికాకు, ఇతర దేశాలకు వెళ్లాయి.

దాని పన్నులు కలపని ధర 998 పౌండ్లు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో వెయ్యి పౌండ్లు దాటిన కార్ల మీద కొనుగోలు పన్ను రెట్టింపు పడేది. గంటకు 120 మైళ్లు, అంటే 190 కిలోమీటర్లు దాటి పరిగెత్తే కారుని ఆ గీతకు రెండు పౌండ్ల కింద నిలబెట్టారు. ఆ వేగం ఉత్త ప్రచారమని అనుమానించినవాళ్లు ఉన్నారు. 1949 మే నెలలో పత్రికలవాళ్లని బెల్జియంలోని యబెక అనే ఊరి హైవే మీదికి తీసుకెళ్లి, వాళ్ల కళ్లెదుటే గంటకు 132 మైళ్లు దాటించి చూపించారు. కిలోమీటర్లలో 213.

ఒకే ఇంజిన్ మీద అంతా ఆధారపడటం ఆ ధరకు పెద్ద కారణం. ఎక్స్‌కే ఇంజిన్‌ని 2.4 లీటర్ల నుంచి 4.2 లీటర్ల దాకా రకరకాల సైజుల్లో చేసి స్పోర్ట్స్ కార్లలో, సెలూన్లలో, లిమోజీన్లలో పెట్టారు. బ్రిటిష్ సైన్యం స్కార్పియన్ ట్యాంకులోనూ అదే ఉండేది. 1992 దాకా తయారైంది. అంత కాలం, అన్ని వేల ఇంజిన్ల మీద ఖర్చు పంచితే ఒక్కోదానికి పడేది తక్కువే. బాడీల అచ్చులు బయటి కంపెనీలతో చేయించేవాళ్లు. ప్రకటనలకు బదులు రేసుల మీద డబ్బు పెట్టేవాళ్లు. వీటన్నిటి మీదా లయన్స్ బేరం. విడిభాగాలు అమ్మేవాళ్ల దగ్గర ప్రతి పెన్నీ కోసం అతను గట్టిగా పట్టుబట్టేవాడు. ఈ చివరి విషయం దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే జాగ్వార్‌కి తర్వాత వచ్చిన చెడ్డపేరు మూలాలు కూడా అక్కడే ఉన్నాయని నా అనుమానం.

రేసుల గురించి చాలా రాయొచ్చు, ముఖ్యమైనవి మాత్రం చెబుతాను. ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసుని జాగ్వార్ 1951, 1953, 1955, 1956, 1957లలో గెలిచింది. 1953లో గెలిచిన సీ-టైప్‌కి డన్‌లప్‌తో కలిసి తయారు చేసిన డిస్క్ బ్రేకులు ఉన్నాయి. మిగతావాళ్లు డ్రమ్ బ్రేకులతో మలుపుకి ఎంతో ముందే వేగం తగ్గించుకోవాల్సి వస్తే, జాగ్వార్ డ్రైవర్లు మలుపు దాకా వచ్చి బ్రేకు వేసేవాళ్లు. కొన్నేళ్లకే ఆ బ్రేకులు జాగ్వార్ మామూలు కార్లలోకి వచ్చాయి. ఇవాళ మన ఇళ్ల ముందున్న కార్లలోనూ అవే ఉన్నాయి. 1955 గెలుపు గురించి మాత్రం గర్వంగా చెప్పలేను. ఆ రేసులో ఒక మెర్సిడెస్ ప్రేక్షకుల మీదికి ఎగిరి 80 మందికి పైగా చనిపోయారు. మెర్సిడెస్ జట్టు రేసు మధ్యలో తప్పుకుంది, జాగ్వార్ కొనసాగి గెలిచింది. లయన్స్ ఒక్కగానొక్క కొడుకు జాన్ ఆ రేసు చూడటానికి కారులో వెళ్తూ దారిలోనే ప్రమాదంలో చనిపోయాడు. ఆ కప్పు ఎవరికీ ఆనందం ఇచ్చి ఉండదు.

రేసుల్లో నేర్చుకున్నదంతా ఈ-టైప్ అనే స్పోర్ట్స్ కారులోకి వచ్చింది. దాని ఆకారం వేసిన మాల్కం సేయర్ విమానాల కంపెనీలో పనిచేసి వచ్చినవాడు. వంపులను చేత్తో గీయడం కన్నా లెక్కలు కట్టి రాబట్టడమే అతని పద్ధతి. 1961 మార్చిలో జెనీవాలో ఆ కారుని చూపిస్తే ఎక్కి చూడాలనుకునేవాళ్ల తాకిడి తట్టుకోలేక, రెండో కారు కావాలని కోవెంట్రీకి కబురు పెట్టారు. టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ సాయంత్రం బయల్దేరి, సముద్రం దాటి, రాత్రంతా నడిపి మర్నాడు పొద్దున్నే జెనీవా చేరాడు. పన్నులతో కలిపి దాని ధర రెండు వేల పౌండ్లు కాస్త దాటింది. దాదాపు అదే వేగం ఉన్న ఆస్టన్ మార్టిన్ దీనికి రెట్టింపు దాకా ఉండేది, ఫెరారీ ఇంకా పైన ఉండేది. ఈ-టైప్ లోపాలు లేని కారేమీ కాదు. మొదటి కార్లలో సీట్లు ఇబ్బంది పెట్టేవి, గేర్‌బాక్సు మొరాయించేది, ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడెక్కేది. అయినా 72 వేలకు పైగా అమ్ముడుపోయాయి. 1996లో న్యూయార్క్‌లోని మోడర్న్ ఆర్ట్ మ్యూజియం ఒక ఈ-టైప్‌ని తన సేకరణలో చేర్చుకుంది. మ్యూజియంలో పెట్టదగిన వస్తువు 72 వేల ఇళ్లలోకి వెళ్లింది. దీన్ని మించిన పొగడ్త నాకు తోచదు.

1966లో లయన్స్ కంపెనీని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్‌తో కలిపాడు. వారసుడు లేడు, బాడీలు చేసే సంస్థ అప్పటికే వాళ్ల చేతికి పోయింది, ఒంటరిగా ఉండటం కష్టమనుకున్నాడు. 1968 నాటికి అది బ్రిటిష్ లేలాండ్ అనే మహా సంస్థలో భాగమైంది. అదే ఏడాది వచ్చిన ఎక్స్‌జే6 లయన్స్ చివరి గొప్ప కారు. అప్పట్లో అంత నిశ్శబ్దంగా, అంత మెత్తగా నడిచే కారు రెండింతల ధరలో కూడా దొరకడం కష్టమని పరీక్షించినవాళ్లు మెచ్చుకున్నారు. 1972లో ఆయన రిటైరయ్యాడు.

తర్వాత దాదాపు పదేళ్లు జాగ్వార్‌కి చీకటి రోజులు. కార్లు తుప్పు పట్టేవి, కరెంటు వైరింగ్ మొరాయించేది, పెయింట్ సరిగా ఉండేది కాదు. కాజిల్ బ్రామ్విచ్‌లోని పెయింట్ షాపు గొడవల వల్ల కొత్త ఎక్స్‌జేను కొంతకాలం రెండు మూడు రంగుల్లోనే అమ్మాల్సి వచ్చింది. దీనికంతటికీ బ్రిటిష్ లేలాండ్‌నీ, సమ్మెలనీ తిట్టడం ఆనవాయితీ. వాటి తప్పు చాలానే ఉంది. కానీ 1980లో జాన్ ఈగన్ జాగ్వార్ అధిపతిగా వచ్చి పదేపదే వచ్చే లోపాల జాబితా తీయిస్తే, వాటిలో పెద్ద వాటా బయటి నుంచి కొన్న విడిభాగాలదేనని తేలింది. ప్రతి పెన్నీకి బేరమాడిన పాత అలవాటు ఇక్కడే కాటేసిందని నాకనిపిస్తుంది. లయన్స్ ఉన్నంత కాలం అతని కన్ను కాపలాగా ఉండేది. కన్ను పోయాక బేరం ఒక్కటే మిగిలింది. ధర తగ్గించడంలో రెండు రకాలున్నాయి. తెలివిగా డిజైన్ చేసి తగ్గించడం ఒకటి, అవతలివాడి పని నాణ్యతను కోసి తగ్గించడం రెండోది. జాగ్వార్ ఈ రెండూ చేసింది. మొదటిది పేరు తెచ్చింది, రెండోది ఆ పేరును తినేసింది.

ఈగన్ విడిభాగాల కంపెనీల మెడలు వంచాడు. కార్లు కొన్నవాళ్లకి ఫోన్లు చేయించి ఇబ్బందులు కనుక్కున్నాడు. 1984లో జాగ్వార్ మళ్లీ సొంతంగా షేర్ మార్కెట్‌కి వెళ్లింది. కానీ ఒకసారి పడిన మచ్చ ఎంతకాలం ఉంటుందో చూడండి. 2009లో జేడీ పవర్ సంస్థ అమెరికాలో మూడేళ్లు వాడిన కార్ల మన్నిక మీద చేసిన సర్వేలో జాగ్వార్ బ్యూక్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది. ఆ సంగతి ఎంతమందికి తెలుసు? పాత జోకులు మాత్రం ఇప్పటికీ అందరికీ వచ్చు.

ఖరీదైన మెట్టు ఎక్కాలనే ప్రయత్నం జాగ్వార్ ఇంతకు ముందూ చేసింది. జిమ్ రాండిల్ అనే ఇంజనీర్, ఆయన సహచరులు శనివారాలు సొంత సమయంలో కూర్చుని ఎక్స్‌జే220 అనే సూపర్ కారుకి రూపం ఇచ్చారు. 1988లో 12 సిలిండర్ల ఇంజిన్‌తో, నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లేలా దాన్ని చూపించారు. జనం 50 వేల పౌండ్ల అడ్వాన్సులు కట్టారు. 1992లో చేతికొచ్చేసరికి అందులో ఆరు సిలిండర్ల టర్బో ఇంజిన్ ఉంది, శక్తి వెనక చక్రాలకే వెళ్తుంది, ధర నాలుగు లక్షల పౌండ్లు దాటింది. ఆర్థిక మాంద్యం కూడా తోడైంది. కొనలేమని కొందరు కోర్టుకెక్కారు. 300 కార్లు కూడా పూర్తి కాలేదు. గంటకు 340 కిలోమీటర్లు దాటిన ఆ కారు అప్పట్లో ప్రపంచంలోకెల్లా వేగమైన వాటిలో ఒకటి, ఆకారం ఇప్పటికీ కట్టిపడేస్తుంది. అయినా జాగ్వార్ కొనేవాళ్లకి అది సంబంధం లేని కారుగానే మిగిలింది.

1989లో ఫోర్డ్ 160 కోట్ల పౌండ్లు పోసి జాగ్వార్‌ని కొంది. ఫ్యాక్టరీని చూసిన ఫోర్డ్ అధికారి బిల్ హేడెన్, రష్యాలో గోర్కీలో చూసినదాన్ని మినహాయిస్తే ఇంత అధ్వాన్నమైన ఫ్యాక్టరీ ఎక్కడా చూడలేదన్నాడు. ఫోర్డ్ డబ్బూ క్రమశిక్షణా తెచ్చింది, మన్నిక పెరిగింది. 2003లో అల్యూమినియం బాడీతో వచ్చిన ఎక్స్‌జే ఇంజనీరింగ్‌లో ఎంతో ముందున్న కారు. కానీ 2001 నాటి ఎక్స్-టైప్ దగ్గర ఫోర్డ్ జాగ్వార్ సూత్రాన్ని సరిగ్గా తలకిందులు చేసింది. ఫోర్డ్ మాండియో పునాది మీద కట్టిన ఆ కారు నిజానికి అందరూ అన్నంత చెడ్డది కాదు. మొదట్లో నాలుగు చక్రాల డ్రైవ్ ఇచ్చారు, భాగాలు చాలా మార్చారు. ఏడాదికి లక్ష అమ్మాలనుకుంటే ఎప్పుడూ ఆ దరిదాపులకు రాలేదు. లయన్స్ 310 పౌండ్లు తీసుకుని వెయ్యి పౌండ్ల రూపం ఇచ్చాడు. ఎక్స్-టైప్ కొన్నవాడికి జాగ్వార్ ధర పెట్టి ఫోర్డ్ తెచ్చుకున్నాననే అనుమానం ఇచ్చారు. అనుకున్న ధరకీ అసలు ధరకీ తేడా ఇక్కడా ఉంది, కానీ దిక్కు మారింది.

2008 జూన్‌లో టాటా మోటార్స్ జాగ్వార్‌నీ ల్యాండ్ రోవర్‌నీ కలిపి 230 కోట్ల డాలర్లకు కొంది. మనవాళ్లకి జాగ్వార్ అనగానే గుర్తొచ్చేది ఈ కొనుగోలే. 1999లో కార్ల విభాగాన్ని అమ్మడానికి ఫోర్డ్ దగ్గరికి వెళ్తే అవమానించారని, తొమ్మిదేళ్లకు రతన్ టాటా బదులు తీర్చుకున్నారని వాట్సాప్‌లో తిరిగే కథ అందరికీ తెలుసు. ఆ అవమానం గురించి టాటా గ్రూపు అధికారి ఒకరు 2015లో బహిరంగంగానే చెప్పారు. నాకు ఆ కథ మీద కోపం లేదు. కానీ అది జాగ్వార్‌ని ఒక పతకంగా మార్చేస్తుంది, మెడలో పడటంతో పని అయిపోతుంది. టాటాల అసలు గొప్పతనం ఆ తర్వాతి నెలల్లో ఉంది. కొన్న కొద్ది నెలలకే ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చి అమ్మకాలు కుప్పకూలాయి. అప్పుడు వదిలించుకోకుండా డబ్బు పోస్తూ, డిజైన్‌ని అప్పటి డిజైన్ అధిపతి ఇయాన్ కాలమ్ చేతుల్లోనే ఉంచి, కొత్త మోడళ్లకు ఓపిక పట్టారు. ఎఫ్-టైప్, ఎఫ్-పేస్ ఆ ఓపికలోంచే వచ్చాయి. 2018లో జాగ్వార్ ప్రపంచమంతా కలిపి దాదాపు లక్షా 80 వేల కార్లు అమ్మింది.

ఇక కంపెనీ వాదన వినాలి, అందులో బలం ఉంది. డీజిల్ మీద వ్యతిరేకత వచ్చింది, చైనాలో అమ్మకాలు పడిపోయాయి. ఖరీదైన అల్యూమినియంతో కట్టిన ఎక్స్ఈ లాంటి కారుని బీఎండబ్ల్యూ 3 సిరీస్ ధరకు అమ్మాలి. బీఎండబ్ల్యూ చేసే సంఖ్యలో నాలుగో వంతు కూడా లేకుండా ఆ పోటీలో లాభం రాదు. అందుకే 2021లో జాగ్వార్‌ని పూర్తిగా ఎలక్ట్రిక్ చేసి పై మెట్టుకి తీసుకెళ్తామని ప్రకటించారు, దాదాపు సిద్ధమైన ఎలక్ట్రిక్ ఎక్స్‌జేను పక్కన పడేశారు. 2024లో సెలూన్లు, ఎఫ్-టైప్ ఆపేశారు. ఇంకో మాట కూడా కంపెనీ పక్షాన చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో యూరప్ మొత్తం 49 జాగ్వార్లే అమ్ముడయ్యాయని, ప్రకటన వల్లే 97 శాతం పడిపోయాయని ఒక వార్త తెగ తిరిగింది. అమ్మడానికి కార్లే ఆపేసిన కంపెనీకి అమ్మకాలు ఎలా ఉంటాయి? ఆ అంకెతో ప్రకటన మంచిదో చెడ్డదో తేల్చలేం. టైప్ 00 ఆకారం కూడా నాకు నచ్చింది. ఎలక్ట్రిక్ కారుకి అంత పొడవు బానెట్ అవసరం లేకపోయినా పెట్టారు. లయన్స్ ఉంటే దాని ముందు కాసేపైనా ఆగేవాడు.

నా అభ్యంతరమల్లా, ఎక్స్ఈ ఓటమి నుంచి వాళ్లు నేర్చుకున్న పాఠం మీదే. ధర తక్కువ కాబట్టి ఎక్స్ఈ ఓడిపోలేదు. బీఎండబ్ల్యూ పక్కన నిలబెడితే కళ్లు తిప్పుకోలేని తేడా ఏదీ అందులో లేదు, అందుకే ఓడిపోయింది. జర్మన్ కారుని జర్మన్ ధరకి చేసి జర్మన్ల కన్నా ఎక్కువ అమ్మాలనుకున్నారు. పైగా ఆ పై మెట్టు ఖాళీగా లేదు. అక్కడ పోర్షే ఉంది, బెంట్లీ ఉంది, ఇదే కంపెనీ రేంజ్ రోవర్ ఉంది.

వేరే దారి వాళ్ల చేతిలోనే ఉండేది, పేరు ఐ-పేస్. 2018లో ఆడీ, మెర్సిడెస్‌ల పెద్ద ఎలక్ట్రిక్ కార్ల కన్నా ముందే జనం చేతికొచ్చింది. ఇంజిన్ లేదు కాబట్టి ముక్కు చిన్నది చేసి, క్యాబిన్‌ని ముందుకు జరిపి, బయట చిన్నగా లోపల పెద్దగా ఉండే కొత్త ఆకారం ఇచ్చారు. 2019లో యూరోపియన్ కార్ ఆఫ్ ద ఇయర్, వరల్డ్ కార్ ఆఫ్ ద ఇయర్ రెండూ దానికే వచ్చాయి. బ్రిటన్‌లో ధర 65 వేల పౌండ్ల లోపే మొదలైంది. దాని బ్యాటరీ మంటల సమస్య చిన్నది కాదు. అమెరికాలో 2019 నాటి కార్లు కొన్నిటిని కంపెనీ తిరిగి కొనేయాల్సి వచ్చింది. అయినా బ్యాటరీ లోపం సరిచేయగలిగిందే, ఆకారం మళ్లీ అంత సులభంగా దొరకదు. ఆరేళ్లలో దానికి చెప్పుకోదగ్గ కొత్త తరం రాలేదు, చిన్న తమ్ముడూ రాలేదు, తయారీ కూడా ఆస్ట్రియాలో వేరే కంపెనీ చేతిలోనే ఉండిపోయింది. దాన్ని కొన్నవాళ్లలోనూ, ఎఫ్-పేస్ కొన్నవాళ్లలోనూ చాలా కొద్దిమందే తమ వెంట కొత్త మెట్టుకి వస్తారని కంపెనీ పెద్దలే చెప్పారు. మిగతావాళ్ల కోసం ఇప్పుడు జాగ్వార్ దగ్గర కారు లేదు, చేస్తామన్న మాట కూడా లేదు.